పేగు టీబీ అన్నారు, కాదని తేలింది: విశాఖలో నా కన్స్యూమర్ కేసు అనుభవం

మొన్న సెప్టెంబరులో ఆర్డరు వచ్చింది. గెలిచావా అని అడిగినవాళ్ళందరికీ సగం గెలిచానని చెబుతున్నాను. లేని టీబీ ఉందని చెప్పినందుకు కాదు నాకు డబ్బు ఇవ్వమన్నది. ఆ మందులు ఇస్తూ చూడాల్సినవి చూడనందుకు. ఈ తేడా ఒంటబట్టేసరికి రెండేళ్ళు గడిచాయి. కేసు వేసిన కొత్తలో ఎవరైనా చెప్పినా ఆ కోపంలో చెవికెక్కేది కాదు. అప్పీలు నడుస్తోంది కాబట్టి ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు రాయడం లేదు.

మాది గోపాలపట్నం. అప్పట్లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరు. ఇద్దరు పిల్లలు, మాతోనే అత్తయ్య.

2021 జూలైలో మొదలైంది. తిన్న గంటకి బొడ్డుకి కుడివైపు కింద మెలిపెట్టినట్టు నొప్పి, విరేచనాలు, సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం. మందుల షాపులో గ్యాస్ మాత్రలు, తర్వాత వీధి చివర ఆర్‌ఎంపీ గారి ఇంజెక్షను. దసరాకి అనకాపల్లి నుంచి అమ్మ వచ్చి గుమ్మంలోనే "ఏటే ఇలా సిక్కిపోనావు" అని ఏడ్చేసింది. బరువు చూసుకుంటే యాభై ఎనిమిది నుంచి నలభై తొమ్మిదికి దిగిపోయింది.

అక్టోబరు చివర్లో సిటీలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. సీటీ స్కాన్‌లో చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట గోడ మందంగా ఉందని వచ్చింది. చేతి మీద టీబీ కోసం చేసే మాంటూ టెస్టు చేస్తే ఎర్రగా పొంగింది. "పేగు టీబీ అమ్మా, మన దగ్గర మామూలే, కోర్సు వాడితే పోతుంది" అన్నారు డాక్టరు గారు. ఆ రోజు కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష, మాటే రాలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత కేసంతా దీని చుట్టూనే తిరిగింది.

టీబీ అనే మాట ఇంట్లోకి వచ్చాక ఏం జరుగుతుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మన దేశంలో 2012 నుంచి ప్రైవేటు ఆసుపత్రులైనా ప్రతి టీబీ కేసునూ ప్రభుత్వానికి తెలియజేయాలి. నా పేరు టీబీ రోగులని నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్లో ఎక్కింది. నెలకి ఐదు వందల చొప్పున పోషకాహారం డబ్బు బ్యాంకు ఖాతాలో పడింది. ఒక ఆరోగ్య కార్యకర్త అడ్రసు వెతుక్కుంటూ మా వీధిలోకి వచ్చి, నా పేరు చెప్పి నలుగురిని అడిగారు. పాపం ఆయన పని ఆయన చేశారు. వీధికి మాత్రం తెలిసిపోయింది. అత్తయ్య నా కంచం, గ్లాసు విడిగా పెట్టారు. పిల్లల్ని నా పక్కలో పడుకోనివ్వలేదు. ఊపిరితిత్తుల్లో లేకుండా పేగులో మాత్రమే ఉంటే గాలిలో పక్కవాళ్ళకి అంటుకోదని ఆసుపత్రిలో ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ నెలలు వేరేగా ఉండేవి. స్కూలు వాళ్ళు చాలా మర్యాదగా, "పూర్తిగా తగ్గాక రండి మేడమ్" అన్నారు. జీతం ఆ నెలతోనే ఆగింది.

డిసెంబరు చివరికి అన్నం చూస్తే వాంతి. మూత్రం ఎర్రగానే వస్తుందని మందులు మొదలుపెట్టినప్పుడే చెప్పారు కాబట్టి దాన్ని పట్టించుకోలేదు. కళ్ళు పచ్చబడ్డాయని మా చిన్నది చూసి చెప్పింది. ఫోటో తీసి ఆసుపత్రి కోఆర్డినేటరుకి వాట్సాప్‌లో పెట్టాను. గంట తర్వాత జవాబు వచ్చింది: టాబ్లెట్లు ఆపొద్దు, సంక్రాంతి తర్వాత రివ్యూకి రండి. అత్తయ్య పసరు మందు పోయిద్దామన్నారు. మా ఆయన మాత్రం జనవరి మొదటి వారంలో వీధిలో ల్యాబుకి తీసుకెళ్ళి, ఎవరూ రాయకపోయినా లివర్ టెస్టు చేయించారు. ఎస్‌జీపీటీ ఏడు వందలు దాటింది, బిలిరుబిన్ తొమ్మిది. రెండూ ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. ఆ కాగితం పట్టుకుని వేరే డాక్టరు దగ్గరికి పరిగెడితే, వెంటనే మందులన్నీ ఆపించి అడ్మిట్ చేశారు. టీబీ మందుల్లో మూడు లివరు మీద దెబ్బ కొట్టగలవని అప్పుడు తెలిసింది.

లివర్ కుదుటపడ్డాక పాత ఆసుపత్రిలోనే మందులు ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టారు. నొప్పి తగ్గలేదని వెళ్ళిన ప్రతిసారీ "కోర్సు పూర్తి కావాలి కదమ్మా" అనేవారు. పేగు టీబీ అయితే రెండు మూడు నెలల్లో మార్పు కనిపించాలి, కనిపించకపోతే ఆగి మళ్ళీ చూడాలి అని తర్వాత నాకు ముగ్గురు డాక్టర్లు వేర్వేరుగా చెప్పారు.

2022 ఆగస్టు, శ్రావణ మాసం. పొట్ట డ్రమ్ములా ఉబ్బి, గాలి కూడా పోక, పచ్చటి వాంతులు. రాత్రికి రాత్రి ఇంకో ఆసుపత్రిలో ఆపరేషన్. పేగు మూసుకుపోయి చిల్లు పడే దశలో ఉందట. కొంత పేగు తీసేసి, పొట్ట మీద స్టోమా పెట్టారు, అంటే పేగుని పొట్ట మీదికి తెచ్చి మలం ఒక బ్యాగులోకి వచ్చేలా చేశారు. పది రోజులకి బయాప్సీ రిపోర్టు: క్రోన్స్ వ్యాధి (పేగులో ఏళ్ళ తరబడి వాపు, పుళ్ళు ఉండే జబ్బు, అంటువ్యాధి కాదు), టీబీ లక్షణాలేమీ లేవు.

స్టోమా బ్యాగు గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను చెబుతాను. ఒక్కోటి మూడు నాలుగు వందలు, సరిగ్గా అతికితే మూడు రోజులు, అతకకపోతే ఒక్క పూట. చర్మం ఒరుసుకుపోయి మంట. రాత్రి పక్క మార్చుకోవాలంటే టెన్షన్. విశాఖ ఉక్కపోతలో జిగురు నిలవదు. అప్పటిదాకా నా కంచం విడిగా పెట్టిన అత్తయ్యే ఆ నాలుగు నెలలూ బ్యాగు కడగడంలో సాయం చేశారు. ఆవిడ మీద ఏదైనా మాట రాయబోతే ఇది గుర్తొచ్చి ఆగిపోతాను. డిసెంబరులో రెండో ఆపరేషన్ చేసి స్టోమా మూసేశారు.

కేసు ఆలోచన మాది కాదు. రెండో ఆపరేషన్ అయ్యాక ఆ సర్జన్ గారు, "ఈ బయాప్సీ మొదట్లోనే చేసి ఉంటే మీరు ఇక్కడ ఉండేవారు కాదు" అన్నారు. ఆ మాట ఇంటికి వచ్చేదాకా చెవుల్లో మోగింది. కాగితం మీద రాసివ్వమంటే మాత్రం ఆయన నవ్వి ఊరుకున్నారు. నోటితో చెప్పేవాళ్ళు చాలామంది దొరికారు. సంతకం పెట్టేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

2023 ఫిబ్రవరిలో వెల్లూరు వెళ్ళాం. అప్పుడు తెలిసిన ఒక ఉపయోగపడే సంగతి: ఆపరేషన్‌లో తీసిన ముక్క మైనం దిమ్మల్లో, గాజు స్లైడ్ల మీద భద్రంగా ఉంటుంది. మనం అప్లికేషన్ పెట్టి తీసుకెళ్ళి వేరేచోట మళ్ళీ చదివించుకోవచ్చు. వెల్లూరు దగ్గర కాట్పాడి స్టేషన్లో దిగేదాకా ఆ చిన్న డబ్బాని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. అక్కడా క్రోన్స్ అనే వచ్చింది.

మార్చిలో మొదటి ఆసుపత్రికి నా కేస్‌షీటు మొత్తం కావాలని అప్లికేషన్ ఇచ్చాను. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, మూడేళ్ళ పాటు రికార్డులు ఉంచాలి. కౌంటర్లో ఉన్న అమ్మాయికి ఇది తెలియదు. "డాక్టరు గారి పర్మిషన్ కావాలండి" అని ఒకసారి, "రికార్డు రూము ఇన్‌ఛార్జి లీవులో ఉన్నారు" అని ఇంకోసారి. చివరికి రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంటు కార్డుతో ఉత్తరం పంపాక మే నెలలో ఇచ్చారు. జిరాక్సు ఖర్చు కూడా మా దగ్గరే తీసుకున్నారు. చేత్తో ఇచ్చే అప్లికేషన్ అయితే రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోవడం మరవకండి.

ఆ కట్ట విప్పి చూస్తే, మొదటి రోజు ఓపీ నోట్సు చివర ఒక లైను: కొలనోస్కోపీ చేయించమన్నాం, పేషెంటు ఒప్పుకోలేదు.

నేను చదివింది సరిగ్గా చదివానా అని మా ఆయనకి ఇచ్చాను. ఆయన లేచి బీరువాలోంచి బట్టల షాపు కవరు తీశారు. ఆయనకో అలవాటు ఉంది. బస్సు టికెట్టు తప్ప ఏ కాగితమూ పారేయరు. అందులో ఆ రోజు మా చేతికిచ్చిన ఓపీ చీటీ ఉంది. తేదీ అదే, చేతిరాత అదే, మందులు అవే. ఆ లైను మాత్రం లేదు. నాకు ఆ రాత్రి వచ్చినంత కోపం ఆపరేషన్ అప్పుడు కూడా రాలేదు. రోగం గుర్తుపట్టకపోతే పోనీ, నేను ఒప్పుకోలేదని రాస్తారా?

లాయరుని వెతకడం ఇంకో కథ. జిల్లా కోర్టు దగ్గర ఒకాయన, ముందు పైసా వద్దు, వచ్చినదాంట్లో మూడో వంతు ఇస్తే చాలన్నాడు. మా మరిది ఎగిరి గంతేశాడు. మన దేశంలో లాయర్లు అలా వాటా మీద కేసు తీసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు ఉందని తర్వాత తెలిసింది. చివరికి మా ఆయన స్నేహితుడి ద్వారా మద్దిలపాలెంలో ఒక మేడమ్ దొరికారు. నలభై వేలు, నాలుగు విడతలు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న రోగం గురించి కాదు. "డబ్బు కట్టారా, బిల్లులు ఉన్నాయా?" అని. అందరికీ ఉచితంగా చేసేచోట వైద్యం వినియోగదారుల చట్టం కిందికి రాదని, డబ్బు తీసుకుని చేసేది వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చిందట.

రెండో ప్రశ్న తేదీల గురించి. కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోపు వేయాలి. ఆసుపత్రివాళ్ళు 2021 నుంచి లెక్కపెట్టమంటారు, మనం 2022 బయాప్సీ నుంచి లెక్కపెడదాం, అయినా పాత లెక్కలో కూడా దాటకుండా వేసేద్దాం అన్నారావిడ. అందుకే హడావుడి. బిల్లులు తీస్తే సగం తెల్ల కాగితాలు. మందుల షాపుల్లో ఇచ్చే థర్మల్ బిల్లుల మీద అక్షరాలు ఏడాదిలో ఎగిరిపోతాయి. షాపులకి తిరిగి కంప్యూటర్లోంచి మళ్ళీ తీయించుకున్నాం. దొరకనివి పోయినట్టే. వాట్సాప్ మెసేజీలు ప్రింటు తీసి ఇస్తే చాలదు, అప్పటి సాక్ష్య చట్టం ప్రకారం, అవి ఆ ఫోనులోంచి తీసినవేనని చెప్పే 65బి సర్టిఫికెట్ అని ఒకటి జత చేయాల్సి వచ్చింది. ఆ పాత ఫోను అమ్మేయకుండా ఉంచడం మంచిదైంది.

జూలైలో లీగల్ నోటీసు. జవాబు ఆసుపత్రి నుంచి కాకుండా ఇన్సూరెన్స్ లాయరు నుంచి వచ్చింది. డాక్టర్లకి, ఆసుపత్రులకి ఇలాంటి కేసుల కోసం బీమా ఉంటుందని, ఆ కంపెనీ కూడా కేసులో పార్టీ అవుతుందని అప్పుడే తెలిసింది. నిజం చెప్పాలంటే కాస్త ఊరట కలిగింది. డాక్టరు గారు సొంత జేబులోంచి కట్టాలంటే నాకు నిద్ర పట్టేది కాదేమో. ఎంత కోపం ఉన్నా.

2023 సెప్టెంబరులో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లో ఫిర్యాదు వేసి, కాగితాల సెట్లు చేతికిచ్చాం. ముప్పై లక్షలు అడిగాం. ఎంత ఫీజు కట్టాలో అని భయపడుతుంటే మేడమ్ సున్నా అన్నారు. 2019 చట్టంలో మనం అడిగే పరిహారాన్ని కాకుండా, ఆ సేవకి మనం కట్టిన డబ్బుని చూస్తారు. అది ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. నేను ఆ ఆసుపత్రికి కట్టింది లక్షా ముప్పై ఎనిమిది వేలు. ఖర్చంతా టైపింగు, నోటరీ, జిరాక్సులకే. ఎదుటి పార్టీలు ముగ్గురు, కమిషన్‌కి సెట్లు, మనకో సెట్టు. కేస్‌షీటు రెండు వందల పేజీలు ఉంటే గుణించుకోండి.

మా మరిది పోలీసు కేసు పెడదామని పట్టుబట్టాడు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం డాక్టరు మీద క్రిమినల్ కేసుకి చాలా పెద్ద స్థాయి నిర్లక్ష్యం కనిపించాలని, ముందు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని మేడమ్ వివరించారు. "మీకు కావాల్సింది ఆయన జైలుకి వెళ్ళడమా?" అని అడిగారు. నాకు అది వద్దు. మెడికల్ కౌన్సిల్‌కి మాత్రం విడిగా ఫిర్యాదు పంపాం. అక్కడ డబ్బు రాదు, రిజిస్ట్రేషన్ మీద చర్య ఒక్కటే. అది ఇంకా తేలలేదు.

నోటీసు అందాక ఎదుటివాళ్ళు 30 రోజుల్లో జవాబు వేయాలి, ఇంకో 15 రోజులు గడువు ఇవ్వచ్చు, ఆ తర్వాత తీసుకోరు. 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ విషయం గట్టిగా చెప్పింది. డాక్టరు గారు అప్పటికే వేరే ఆసుపత్రికి మారిపోవడంతో ఆయన నోటీసు తిరిగొచ్చింది, మళ్ళీ పంపాం. చివరికి అందరి జవాబులూ గడువు అంచున వచ్చాయి. అందులో మూడు ముక్కలు: టీబీకి, క్రోన్స్‌కి తేడా పట్టడం కష్టం, కొలనోస్కోపీకి పేషెంటే ఒప్పుకోలేదు, మేము టీబీ అని ఖాయం చేయలేదు, అనుమానంతో మందులు వాడి చూశాం అంతే.

మూడోది చదివి మేడమ్ నిక్షయ్ కాగితాలు, నా బ్యాంకు పాస్‌బుక్కు తెమ్మన్నారు. వీధిలో నన్ను తలదించుకునేలా చేసిన ఆ నమోదే అక్కడ పనికొచ్చింది. అనుమానమే అయితే మందులు వేసి చూశాక ఫలితం ఏమిటో ఎక్కడైనా రాయాలి కదా, రాసిన కాగితం చూపించండి అని మా వాదన.

ఇక్కడ మామూలుగా ఎవరినీ బోనులో నిలబెట్టి ప్రశ్నించడం ఉండదు. దాదాపు అన్నీ అఫిడవిట్ల మీదే. ప్రశ్నలు కూడా రాసి పంపితే రాసి జవాబిస్తారు. ఒప్పుకోలేదని పేషెంటు సంతకం ఏదైనా ఉందా అన్న ప్రశ్నకి, నోటిమాటగా చెప్పారు అని జవాబు వచ్చింది. సినిమాలో కోర్టు సీనులా ఉంటుందనుకుని వెళితే, వాయిదా రోజు మన నంబరు పిలవడం, లాయర్లు రెండు ముక్కలు చెప్పడం, తర్వాత తేదీ రాసుకోవడం. అంతా రెండు నిమిషాలు. దానికోసం పొద్దున్నే ఇడ్లీ కూడా తినకుండా వెళ్ళేదాన్ని, దారిలో బాత్రూమ్ అవసరం వస్తుందేమోనని. క్రోన్స్ ఉన్నవాళ్ళకి ఈ భయం చెప్పక్కర్లేదు.

2024 మధ్యలో రాజీ మాట వచ్చింది. కొత్త చట్టంలో మధ్యవర్తిత్వానికి వీలుంది. డెబ్భై ఐదు వేలు, తప్పు ఒప్పుకోకుండా, మానవతా దృక్పథంతో అన్నారు. మా ఆయన తీసుకుందామన్నారు. అప్పటికే రెండు ఆపరేషన్లు, చీటీ పాట డబ్బులు, నా గాజులు అన్నీ అయిపోయాయి. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. "పేషెంటు ఒప్పుకోలేదు" అన్న ఆ ఒక్క లైను తీసేస్తామంటే సంతకం పెడతానన్నాను. తీసేది లేదన్నారు. అక్కడితో అయిపోయింది.

ఒక వాయిదాకి డాక్టరు గారు స్వయంగా వచ్చారు. వరండాలో ఒకటే బెంచీ. పక్కనే కూర్చుని, "ఇప్పుడెలా ఉందమ్మా, బరువు పెరిగారా?" అని అడిగారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. "యాభై మూడు సార్" అన్నాను. బాగుంది అన్నారు. ఆయన చెడ్డవాడని ఇప్పటికీ అనుకోను. గంటకి ఎంతమందిని చూసేవారో మాకు తెలుసు, క్యూలో మేమే ఉండేవాళ్ళం. కానీ ఆ లైను?

అసలు కష్టం నిపుణుల అభిప్రాయం దగ్గర వచ్చింది. 2010లో వి. కిషన్ రావు కేసులో, ప్రతి కేసుకీ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని సుప్రీంకోర్టు అంది. అది మన హైదరాబాద్ కేసే. ఆయన భార్యకి మలేరియా అయితే టైఫాయిడ్‌కి వైద్యం చేశారు. మేడమ్ దాన్ని పట్టుకున్నారు. కానీ మాది అంత సూటి కేసు కాదు, టీబీ, క్రోన్స్ స్కాన్‌లో కవలపిల్లల్లా ఉంటాయి అని ఆవిడే ఒప్పుకుని, ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్ల బృందానికి పంపమని పిటిషన్ వేశారు. ఆగస్టులో పంపారు. రిపోర్టు 2025 మార్చిలో వచ్చింది. ఈ ఏడు నెలల్లో నేను కేసుని మరిచిపోయే స్థితికి వచ్చాను, ఒక రకంగా అవే ప్రశాంతంగా గడిచిన రోజులు.

రిపోర్టు రెండు పేజీలు. మొదటి పేజీ చదివి ఏడ్చాను. ఈ రెండు రోగాలని విడదీయడం కష్టమనీ, బయాప్సీలో కూడా చాలాసార్లు తేలదనీ, మన దేశంలో అనుమానం ఉన్నప్పుడు టీబీ మందులు వాడి చూడటం ఒప్పుకున్న పద్ధతేననీ రాశారు. అంటే నాకు జరిగింది పద్ధతేనా? మేడమ్ ఫోనులో, "రెండో పేజీ చదివారా?" అన్నారు. అందులో మూడు వాక్యాలు ఉన్నాయి. మందులు మొదలుపెట్టేముందు కొలనోస్కోపీ, బయాప్సీకి ప్రయత్నించాల్సింది. కామెర్లు కనిపించినప్పుడు వెంటనే లివర్ పరీక్ష చేయాల్సింది. రెండు మూడు నెలలకి మెరుగుదల లేనప్పుడు రోగనిర్ధారణని మళ్ళీ చూడాల్సింది, అలా చూసినట్టు రికార్డులో కనపడలేదు.

జూన్, జూలైల్లో వాదనలు. ఎదుటి లాయరు మొదటి పేజీ చదివారు, మా మేడమ్ రెండోది చదివారు. చట్టంలో నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని ఉందట. మాకు పట్టిన కాలం మీరే చూశారు.

సెప్టెంబరు ఆర్డరు ఇంగ్లీషులో ముప్పై పేజీల దాకా ఉంది. మొదటి ఆరోపణ, అంటే లేని టీబీ ఉందని చెప్పడం, నిర్లక్ష్యం కాదన్నారు. తెలివైన డాక్టరు కూడా పొరబడే చోట పొరబడితే అది నేరం కాదు. మిగతా మూడింటిలోనూ, అంటే రిపోర్టు రెండో పేజీలో చెప్పినవాటిలో, సేవాలోపం ఉందన్నారు. ఆ లైను గురించి ఒక పేరా ఉంది: పేషెంటు చేతిలోని చీటీలో లేదు, సంతకం లేదు, కాబట్టి నమ్మలేం. దిద్దారని అనలేదు. నమ్మలేం అన్నారు. ఆ పేరా మా ఆయన తెలుగులోకి చెబుతుంటే అత్తయ్య రెండుసార్లు చదివించుకున్నారు.

కట్టిన లక్షా ముప్పై ఎనిమిది వేలు వాపసు, ఆరు లక్షల పరిహారం, ఇరవై వేల ఖర్చులు, 45 రోజుల్లో ఇవ్వకపోతే తొమ్మిది శాతం వడ్డీ. అడిగింది ముప్పై. ఉద్యోగం పోయినందుకు అడిగినదాంట్లో చాలా భాగం ఒప్పుకోలేదు. స్కూలు వాళ్ళు జీతం చేతికే ఇచ్చేవారు, కాగితం లేదు. మా వైపు నుంచి లాయరు ఫీజుతో కలిపి అయిన ఖర్చు అరవై వేలు దాటింది, వెల్లూరు ప్రయాణం విడిగా.

ఆసుపత్రి అప్పీలుకి వెళ్ళింది. దానికి గడువు 45 రోజులు, వేసేటప్పుడే ఆర్డరు మొత్తంలో సగం డిపాజిట్ చేయాలి. చేశారు. రాష్ట్ర కమిషన్ విజయవాడలో ఉంది, ప్రతి వాయిదాకీ నేను రానక్కర్లేదని మేడమ్ అన్నారు. ఇప్పుడు నేను క్రోన్స్‌కి అజాథయోప్రిన్ అనే మందు వాడుతున్నాను. దానికీ లివర్ టెస్టు, రక్తకణాల టెస్టు మానకుండా చేయించుకోవాలి. ఎవరు రాసినా రాయకపోయినా ఆ తేదీలు నేనే క్యాలెండర్ మీద రాసుకుంటాను.

ఆ డిపాజిట్‌లో కొంతైనా విడుదల చేయమని పిటిషన్ వేయచ్చట, ఇస్తారో లేదో కమిషన్ ఇష్టం. దానికోసం బ్యాంకుకి వెళితే కొత్త చిక్కు. ఆర్డరులో నా పేరు అత్తింటి ఇంటిపేరుతో ఉంది, పాస్‌బుక్‌లో పుట్టింటి ఇంటిపేరుతో. ఆధార్‌లో అసలు ఇంటిపేరు పొడి అక్షరమే. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్, పెళ్ళి సర్టిఫికెట్ తెమ్మన్నారు. మా పెళ్ళి రిజిస్టరు చేయించలేదు, ఆ పని మీద సోమవారం అనకాపల్లి వెళ్తున్నాం. మీరెవరైనా కేసు వేయబోతుంటే ఆసుపత్రి బిల్లు, ఆధార్, పాస్‌బుక్ మూడింట్లోనూ పేరు ఒకేలా ఉందో లేదో ఫిర్యాదు టైపు చేయించకముందే చూసుకోండి.